గోడకి అందని చెక్క

నవారాకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియదు. బల్ల చేస్తే బల్ల అడుగున కూడా పాలిష్ పడాల్సిందే. సొరుగు చేస్తే, జన్మలో ఎవరి కంటా పడని వెనకపలకకి కూడా ఉప్పుకాగితం పట్టాల్సిందే. "అక్కడ ఎవరు చూస్తారయ్యా?" అని ఆవిడంటే, "చెక్క చూస్తుంది" అంటాడు. చెక్కకి కళ్ళెక్కడివో ఆయనకే తెలియాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మాట విని ఆవిడ మురిసిపోయింది. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది.

చెక్కసామాన్లకి పేరుపడ్డ వాళ్ళ ఊరు దుమ్యాత్‌లో మేస్త్రీలకి కొదవలేదు. ఏ సందులోకి తిరిగినా రంపం చప్పుడే, ఏ గుమ్మంలో చూసినా రంగు వెయ్యని మంచమో, కాళ్ళు పైకెత్తుకుని పడుకున్న సోఫానో. అంతమందిలోనూ ఆవిడ మొగుడు షౌకీ మేస్త్రీ వేసిన అతుకు వేరు. రెండు చెక్కలు కలిసినచోట గోరు పెట్టి గీరినా అంచు దొరకదు. ఆ సంగతి ఊరు ఒప్పుకుంటుంది, నవారా కూడా ఒప్పుకుంటుంది. చిక్కేమిటంటే అలాంటి అతుకే ఆయన లోకమంతటా వెతుకుతాడు. టీకొట్టులో కుర్చీ కాస్త ఊగితే చేసినవాడి పేరు అడుగుతాడు. పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతుర్ని చూడడు, ఆ పిల్ల కూర్చున్న కుర్చీ కాళ్ళు చూస్తాడు. చూసి ఊరుకోడు, నలుగురికీ వినపడేలా అంటాడు. అలా నోరు జారే ఒకసారి సొంత అన్నని పోగొట్టుకున్నాడు.

అన్న పేరు ఫిక్రీ. ఇద్దరిదీ ఒకే పనిగది, ఒకే బల్ల. పెళ్ళిళ్ళలో పాటలు వేసే కర్కర్, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్నవాడు, ఫిక్రీ చేత ఒక బేస్ పెట్టె చేయించుకున్నాడు. పాటలో డప్పు దెబ్బ వినేవాడి గుండె మీద పడాలంటే ఊఫర్ అనే పెద్ద స్పీకరుని బిగించే చెక్కపెట్టె అది. ముందువైపు ఊఫర్ కింద ఒక అడ్డసందు. ఆ సందు పైభాగాన లోపలికి వెళ్ళే ఒక పలక. ఆ పలక వెనకగోడ దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయింది. మూత బిగించకముందు షౌకీ కంట పడింది. పడితే పడింది, ఊరుకోవచ్చుగా? టీకొట్టులో పదిమంది మధ్య కూర్చుని, "మా అన్న చెక్క గోడ దాకా వెళ్ళలేక దారిలోనే చతికిలబడింది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఇంటికొచ్చి మళ్ళీ చెబితే నవారా కూడా నవ్వింది. ఆ నవ్వు ఆవిడకి ఇప్పటికీ గుర్తే.

ఆ రోజునుంచి ఆయన పేరు అరచెక్క ఫిక్రీ అయిపోయింది. పని సగంలో వదిలేస్తాడని పేరు పడ్డాక పెళ్ళివారి బీరువాలు ఎవరిస్తారు? "అది అలాగే ఉండాలిరా" అని ఫిక్రీ ఒక్కసారి చెప్పి చూశాడు. "అలాగే ఉండాలా, చెక్క చాల్లేదా?" అన్నాడు షౌకీ. ఫిక్రీ ఉలులు మూటగట్టుకుని, పెళ్ళాన్నీ చంటిపిల్లనీ తీసుకుని, నది సముద్రంలో కలిసే చోట ఎజ్బెత్ బుర్జ్‌లో పడవలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. పండక్కి నవారా ఉల్లిపాయలు కూరిన బాతు వండి పంపేది. గిన్నె శుభ్రంగా కడిగి తిరిగొచ్చేది. గిన్నెతోపాటు మాట వచ్చేది కాదు.

ఇన్నేళ్ళ తర్వాత కర్కర్ అదే పెట్టెని మూడుచక్రాల బండిలో వేసుకుని వీళ్ళ గుమ్మంలో దిగాడు.

"మేస్త్రీ, దీనికి జోడీ కావాలి. అచ్చం ఇలాంటిదే. గురువారానికి."

"గురువారం ఎవరి పెళ్ళిరా?"

కర్కర్ నవారా వైపు చూశాడు. ఆవిడ ఒక మూల సోఫాకి స్ప్రింగులు కడుతోంది, తలెత్తలేదు.

"ఫిక్రీ మేస్త్రీ కూతురిది. సబ్రీన్‌ది" అన్నాడు గొంతు తగ్గించి.

పిలుపు ఈ ఇంటికి రాలేదు. సబ్రీన్ తప్పటడుగులు వేసింది ఈ పనిగదిలోనే, ఈ రంపపుపొట్టులోనే. షౌకీ కాసేపు ఆ పాత పెట్టె అంచు తడుముతూ నిలబడి, "చేస్తాలే" అన్నాడు.

భోజనం దగ్గర ఆయన రొట్టె తుంచకుండా చాలాసేపు కూర్చున్నాడు. "నన్ను పిలవకపోతే పోనీ. నా చేతి పని వాడి గుమ్మంలో నిలబడుతుంది కదా. దాన్ని చూశాక వాడే కబురు పెడతాడు" అన్నాడు.

అంటే ఆ పెళ్ళికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోందన్నమాట. ఆ ముక్క తిన్నగా చెబితే నోరు అరిగిపోతుంది కాబోలు అనుకుంది నవారా.

పెట్టె తయారైంది. పెట్టె అనడం అన్యాయం, పెళ్ళికూతురి గదిలో పెట్టుకోవచ్చు. అంచుల చుట్టూ తీగ చెక్కాడు. మూలలు వెన్నలా నున్నగా తీశాడు. బయటి కొలతలు పాత పెట్టెతో వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిర్చాడు. గోడలు మాత్రం రెండింతల మందం పెట్టాడు, మనిషెక్కి గెంతినా కదలకూడదని. ఇక ఆ పలక సంగతి. మధ్యలో ఆగిన ఆ అనాథ పలకని వెనకగోడ దాకా తీసుకెళ్ళి, పళ్ళు కోసి, గోడకి అతికి, అతుకు కనపడకుండా పాలిష్ కొట్టాడు.

"మా అన్న వదిలేసింది నేను పూర్తిచేశాను" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

కర్కర్ ఊఫర్ బిగించాడు. మైకు తీసి, పెళ్ళిళ్ళలో ఎవరైనా వచ్చి చెవిలో పేరు చెబితే ఊరికి చాటినట్టుగా, "సలాం! షౌకీ మేస్త్రీకి, కలపవీధి పెద్దలకి సలాం!" అని ఒక కేక వేసి పాట పెట్టాడు.

పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినిపించింది.

"పెంచు" అన్నాడు షౌకీ. కర్కర్ పెంచాడు. ఇద్దరు దులుపుతున్నట్టు వినిపించింది. ఇక మొదలైంది. ముందు తప్పు వైరుదన్నాడు షౌకీ, వైరు మార్చారు. తర్వాత కరెంటుదన్నాడు. ఆ తర్వాత ఊఫర్‌దన్నాడు, పాటదన్నాడు, చివరికి కర్కర్ చెవిదన్నాడు. నవారా మేడమీదికి పోయి టీ పెట్టుకుంటూ వింటోంది. పనిగది మీదే వాళ్ళ ఇల్లు. పాత పెట్టె మోగినప్పుడల్లా ఆవిడ అద్దాల బీరువాలో పెళ్ళినాటి గాజుగ్లాసులు గజగజ వణుకుతున్నాయి. కొత్త పెట్టె మోగితే ఒక్క గ్లాసూ ఉలకలేదు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"ఏమయ్యా! పాతది మోగితే ఇల్లు కూలేట్టుంది, నీది మోగితే పిల్లి కూడా లేవట్లేదు. ఊఫర్లు అటూ ఇటూ మార్చి చూడరాదూ?"

మార్చి చూశారు. కొత్త ఊఫర్ పాత పెట్టెలోకి వెళ్ళి గర్జించింది. పాత ఊఫర్ కొత్త పెట్టెలోకి వచ్చి పరుపు దులపడం మొదలుపెట్టింది. ఇక తప్పు నెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

"నా పెట్టెలో వెంట్రుక దూరే సందు లేదు!" అన్నాడు షౌకీ, ఎవరో తిట్టినట్టు.

"అదే అయ్యుంటుంది మేస్త్రీ" అన్నాడు కర్కర్ భయంభయంగా. "పాతదాంట్లో సందులోంచి గాలొస్తుంది. నీదాంట్లో ఆ సందు ఉత్త గూడు. చెప్పులు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు."

షౌకీ పాత పెట్టె మూత విప్పి అన్న చేసిన పలక వైపు గుర్రుగా చూశాడు. గోడకి జానెడు ఇవతల ఆగి ఉంది, ఎప్పటిలాగే. నవారా కిందికి దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కొయ్యి" అంది.

"పాలిష్ అయిపోయింది..."

"పాలిష్ వింటారటయ్యా పెళ్ళివారు? కొయ్యి."

తన చెయ్యి తానే కోసుకుంటున్నవాడిలా మొహం పెట్టి, పలకని కోశాడు. అన్న పలక ఎంత పొడుగుందో సరిగ్గా అంత ఉంచాడు. మళ్ళీ పాట పెట్టారు. ఈసారి మోగింది, మోగలేదనడానికి లేదు. కానీ ఒకటే మోత, వీధికుక్క గుమ్మంలో నిలబడి మొరిగినట్టు. పాట ఏదైనా అదే మొరుగుడు. రెండు పెట్టెలూ కలిపి పెడితే ఇంకా ఘోరం. ఒకటి ఒక మాటంటే ఇంకోటి మరో మాటంటోంది, అచ్చం అన్నదమ్ముల్లాగే.

కర్కర్ ఫోనులో పాట ఆపి, పెట్టెల్ని పరీక్షించడానికి వాడే 'హుమ్‌మ్' అనే ఉత్త హుంకారం పెట్టాడు. సన్న మోత నుంచి మొదలై మెల్లగా లోతుకి దిగుతుంది. ముందు పాత పెట్టెకి కలిపాడు. హుంకారం దిగుతున్నకొద్దీ ఊఫర్ వణికింది, ఇంకా వణికింది, ఒకచోట ఇంచుమించు కదలడం మానేసింది.

"చూశావా! మా అన్న పెట్టెలో ఊఫర్ మూర్ఛపోయింది!" అని షౌకీ చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఎవరికీ వినపడలేదు. మేడమీద గ్లాసులన్నీ పళ్ళు కొరుకుతున్నాయి. నేల మీది రంపపుపొట్టు సందులోంచి వచ్చే గాలికి లేచి నవారా చెప్పుల మీద పడుతోంది.

"మూర్ఛ కాదు మేస్త్రీ" అని కర్కర్ ఆయన చెవిలో అరిచాడు. "ఊఫర్ నిలబడ్డచోటే పని మొత్తం సందు చేస్తోంది. ఆ పెట్టె గొంతు అదే. ఎందుకో నాకు తెలీదు, కానీ అదంతే."

కొత్త పెట్టెలో ఊఫర్ చాలా ముందే, హుంకారం ఇంకా పైన ఉండగానే నిలబడింది. అక్కణ్ణుంచి కిందికి, పాత పెట్టె నిలబడ్డ చోటికి వచ్చేసరికి, ఊఫర్ ఒడ్డున పడ్డ చేపలా ఎగిరెగిరి పడింది. మోత మాత్రం లేదు. కర్కర్ ఒక్క గంతులో పోయి ఆపేశాడు.

"చిరిగిపోతుంది మేస్త్రీ! ఊఫర్ పోతే నేను పెళ్ళిలో నోటితో వాయించాలి!"

"కొలత ఒకటే కదరా!" షౌకీ నెత్తి కొట్టుకున్నాడు. "పెట్టె ఒకటే, సందు ఒకటే, పలక ఒకటే! ఏం చావాలి నేను?" మళ్ళీ కొలిచాడు. తిరగేసి కొలిచాడు. కొలబద్ద మీద అనుమానమొచ్చి పక్కకొట్టు నుంచి ఇంకో కొలబద్ద తెప్పించి కొలిచాడు. నవారాకి ఓపిక నశించింది.

"కర్కర్, రెండు పెట్టెలూ బండిలోకెక్కించు. బావగారి దగ్గరికి వెళ్దాం."

"నేను రాను" అన్నాడు షౌకీ.

"రాకు. ఆ రోజు నేనూ నవ్వాను, నేను వెళ్తాను. నువ్విక్కడే కూర్చుని కొలుచుకో."

బండి కదిలింది. సందు చివరికి వచ్చేసరికి ఆయన పరిగెత్తుకొచ్చి వెనకెక్కాడు. అన్న కోసం కాదట. కర్కర్ గుంటల్లో తోలితే పెట్టె పాలిష్ గీరుకుపోతుందట.

ఫిక్రీ ఒడ్డున తిరగేసిన పడవ పక్కన, చేతుల నిండా తారుతో నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది. బండి వైపు చూశాడు, తమ్ముడి వైపు చూడలేదు. నవారా దిగి జరిగిందంతా చెప్పింది. ఆయన విని, చేతులు తుడుచుకుని, కొత్త పెట్టె దగ్గరికొచ్చి వేళ్ళ కణుపులతో కొట్టి చూశాడు.

"నవారా, గోడ ఎంత మందం పెట్టాడో మీ ఆయన్ని అడుగు."

"రెండింతలని చెప్పు" అన్నాడు షౌకీ బండి మీంచే.

"ఎందుకంత మందమో అడుగు."

"గట్టిగా ఉండాలని చెప్పు."

"నేనేమన్నా మైకునా?" అని కేకేసింది నవారా. "ఇద్దరికీ చెవులున్నాయి, నోళ్ళున్నాయి. ఏడవండి!"

పడవ అవతల వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఫిక్రీ పెదవి మూల కాస్త కదిలింది. కానీ మాట ఇంకా నవారాతోనే.

"నువ్వు సోఫాలు కడతావుగా. పెట్టెలో ఉన్న గాలి నీ స్ప్రింగనుకో. సందులో ఉన్న గాలి ఆ సోఫా మీద కూర్చున్న అత్తగారనుకో. బరువైన అత్తగారైతే ఎలా ఊగుతుంది?"

"నిదానంగా."

"సందు పొడుగైతే అందులో గాలి ఎక్కువ. అత్తగారు బరువు, ఊపు నిదానం, మోత లోతు. ఇప్పుడు మీ ఆయన గోడలు లావు చేసి లోపలి చోటంతా తినేశాడు. చోటు తగ్గితే స్ప్రింగు బిగుసుకుంటుంది. బిగిసిన స్ప్రింగు మీద అదే అత్తగారు ఏం చేస్తుంది?"

"ఎగిరెగిరి పడుతుంది" అంది నవారా. సోఫాల సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "అందుకా మొరుగుడు!"

"అందుకే. కొలత ఒకటైతే చాలదు, లోపలి చోటు మారితే అత్తగారి బరువూ మారాలి. పలక పొడుగు చెయ్యాలి. వెనకగోడ అడ్డొస్తుంది కాబట్టి గోడకి ఇవతలే పైకి మలపాలి. మలిచాక కూడా చివర తెరిచే ఉండాలి. గొంతు నొక్కితే ఎవరరుస్తారు?" ఫిక్రీ అక్కడ ఆగాడు. "అందుకే ఆగింది ఆ చెక్క."

షౌకీ బండి దిగి వచ్చి, పెట్టె వైపు చూస్తూ అడిగాడు. "ఈ అత్తగారి కథ అప్పుడే చెప్పి ఉండొచ్చుగా?"

"అప్పుడు నాకు మాత్రం తెలుసా? ఎన్ని పలకలు కోసి పారేశానో, ఒకటి పలికింది. అది అలాగే ఉండాలని చెవికి తెలుసు, నోటికి తెలీదు. తెలుసుకుని చెప్పేదాకా నువ్వు ఆగావా?"

షౌకీ రంపం అందుకున్నాడు. జవాబు కంటే రంపం తేలిక. కొత్త పలక కోసి, మలిచి, లోపల బిగించాడు. చివర దగ్గరికి వచ్చేసరికి అలవాటు చొప్పున చెయ్యి ఇంకో ముక్క కోసం వెతికింది. వెతికి, ఆగింది. కర్కర్ హుంకారం పెట్టాడు. ఊఫర్ ఇంకా కాస్త ముందే నిలబడుతోంది. పలకకి మరో రెండు వేళ్ళు కలిపారు. మళ్ళీ పెట్టారు. రెండు పెట్టెలు, లోపల వేరువేరు చోట్లు, వేరువేరు పొడుగులు, ఊఫర్లు రెండూ ఒకేచోట నిలబడ్డాయి. ఒడ్డున ఇసుక మీద రెండు సందుల ముందూ గాలి గీతలు పడ్డాయి.

"గురువారం సాయంత్రానికల్లా పెట్టెలు రావాలి" అని కర్కర్‌తో చెప్పి, ఫిక్రీ తన పడవ వైపు వెళ్ళిపోయాడు. పెట్టెలు రావాలన్నాడు. మనుషులు రావాలనలేదు.

తిరిగొస్తున్నంతసేపూ నవారా మొగుడి ప్రాణం తోడేసింది. "తప్పు నాదన్నా అనడానికి ఏమైంది? చెక్కకి సందు వదిలావు, నీ నోటికి మాత్రం ఇంకా అతుకు వేసుకునే ఉన్నావు!"

"చెక్క సంగతి మాట్లాడుకున్నాంగా" అన్నాడాయన.

"చెక్క సంగతి!" అని ఆవిడ ఆకాశం వైపు చేతులెత్తింది. ఈ మనిషితో తలకాయ పగలగొట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

గురువారం మధ్యాహ్నం షౌకీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికంటే, పెట్టెకి తోడుగా వెళ్తున్నానన్నాడు. పెట్టెకి ఇస్త్రీ చొక్కాతో పనేమిటని నవారా అడగలేదు. తనూ మంచి గౌను వేసుకుని, మిఠాయి పొట్లం పట్టుకుని బండెక్కింది.

ఎండ తగ్గాక వీధికి అడ్డంగా రంగుగుడ్డలు కట్టి పెళ్ళి మొదలుపెట్టారు. మొదటి పాటకే డప్పు దెబ్బ నేలలోంచి కాళ్ళలోకి, కాళ్ళలోంచి ఛాతీలోకి ఎక్కింది. రెండు పెట్టెలూ ఒక్క గొంతుతో పలుకుతున్నాయి. ఆడవాళ్ళు సంబరంగా నాలుక తిప్పుతూ కూతలు పెట్టారు, పడవలవాళ్ళు కర్రలు పట్టుకుని ఆడారు. షౌకీ మాత్రం కొత్త పెట్టె వెనక, దాని గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, దొంగలెవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. ఫిక్రీ అటూ ఇటూ తిరుగుతూ అందరినీ పలకరిస్తున్నాడు, పెట్టె వైపు రావడం లేదు. చివరి వరసలో కూర్చున్న నవారాకి ఇద్దర్నీ పట్టుకుని తలలు ఢీకొట్టించాలనిపించింది. ఇంత దూరం వచ్చి, మిఠాయి పొట్లం విప్పకుండానే వెనక్కి తీసుకుపోతామా అని దిగులు కూడా వేసింది.

పాటకీ పాటకీ మధ్య కర్కర్ సలాములు చాటుతున్నాడు. "జాలరుల తరఫున పెళ్ళికొడుక్కి సలాం! ఐసు ఫ్యాక్టరీవాళ్ళ తరఫున పెళ్ళికూతురి తండ్రికి సలాం!" అప్పుడు షౌకీ పెట్టె మీంచి చెయ్యి తీసి, వెళ్ళి కర్కర్ చెవి దగ్గర వంగాడు. కర్కర్ మైకు కిందికి దించి ఆయన మొహంలోకి చూశాడు.

"అలాగే చాటమంటావా మేస్త్రీ? వీధంతా వింటుంది."

"వీధంతా వినాలనే."

కర్కర్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "సలాం! దుమ్యాత్ నుంచి అరచెక్క షౌకీ, తన అన్న ఫిక్రీ పెద్దమేస్త్రీకి సలాం! ఆ చెక్క ఆగాల్సిన చోటే ఆగిందట! ఆగనిది తమ్ముడి నోరట! మళ్ళీ ఒకసారి, అరచెక్క షౌకీ నుంచి, సలాం!"

డప్పు దెబ్బ పడింది. కలపవీధి నుంచి వచ్చిన మేస్త్రీలు, ఆనాడు టీకొట్టులో నవ్వినవాళ్ళే, ఈసారీ నవ్వారు. కానీ తిరిగి చూసింది షౌకీ వైపు. ఆయన తల దించుకోలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఇస్త్రీ చొక్కా అంచు నలుపుతున్నాడు. నవారాకి కళ్ళు నిండిపోయాయి, మళ్ళీ అంతలోనే కోపమొచ్చింది. ఈ రెండు ముక్కలకి ఇన్నేళ్ళా?

వీధి మధ్యలో ఫిక్రీ కదలకుండా నిలబడిపోయాడు. ఊఫర్ కూడా అలాగే నిలబడుతుందని, మోతంతా అప్పుడే వస్తుందని నవారాకి ఇప్పుడు తెలుసు కాబట్టి ఆవిడ భయపడలేదు. కాసేపటికి ఆయన ముక్కు ఎగబీల్చి, జనాన్ని తప్పించుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చాడు.

"పెట్టె వెనక నీకేం పనిరా? ఇటు రా" అన్నాడు. "సబ్రీన్ కూర్చున్న కుర్చీ కాలొకటి పొట్టిగా ఉంది. వచ్చినప్పట్నుంచీ నీ కళ్ళు దాని మీదే ఉన్నాయని నాకు తెలుసు."

షౌకీ ఆ కుర్చీ వైపు చూశాడు. నిజంగానే ఊగుతోంది. దాని మీద కూర్చుని సబ్రీన్ ఇటే చూస్తూ, బాబాయిని రమ్మని చెయ్యి ఊపుతోంది.

"ఊగనీ అన్నా" అన్నాడు. "రేపు చూద్దాం."